ఒక తీగ, పలు యంత్రాలు: మిర్చి, పత్తి మైదానంలో డాకింగ్ స్టేషన్ ఎంపిక

డాకింగ్ స్టేషన్ అంటే ల్యాప్‌టాప్‌కు ఒకే తీగ తగిలించగానే బయటి తెరలు, కీబోర్డు, మౌసు, ప్రింటరు, ఇంటర్నెట్ తీగ, చార్జింగు అన్నిటినీ ఒక్కసారిగా అందుబాటులోకి తెచ్చే పెట్టె. ఆ తీగ ఊడదీస్తే ల్యాప్‌టాప్ మళ్లీ సంచిలో పెట్టుకుని వెళ్లగల యంత్రమవుతుంది. ఇదే పనిని చిన్న ఎత్తున చేసే పరికరాన్ని హబ్ అంటారు. హబ్‌కు సాధారణంగా సొంత అడాప్టరు ఉండదు, అది ల్యాప్‌టాప్ నుంచే శక్తిని తీసుకుంటుంది. డాక్ తన సొంత అడాప్టరుతో నడుస్తూ ల్యాప్‌టాప్‌కే శక్తినిస్తుంది. దుకాణాల్లో ఈ రెండు పేర్లనూ కలగాపులగంగా వాడుతున్నారు గానీ, ఎవరి శక్తితో ఎవరు నడుస్తున్నారన్నదే అసలు తేడా. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎంపికను నిర్ణయించవలసినది పోర్టుల సంఖ్య కంటే ఈ తేడాయే.

ఈ మైదానంలో ఒకే బల్ల మీద పలు యంత్రాలు చేరడం రెండు దారుల్లో జరిగింది. మొదటిది వ్యాపారం. 2016 ఏప్రిల్ 14న దేశవ్యాప్తంగా మొదలైన ఈ-నామ్ అనే ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్ వేదిక గుంటూరు మిర్చి యార్డులోకి వచ్చింది. 2017 జూలై 1 నుంచి జీఎస్టీ, 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రాల మధ్య రవాణాకు ఈ-వే బిల్లు తప్పనిసరి అయ్యాయి. దాంతో కమీషన్ కొట్లలో, శీతల గిడ్డంగుల్లో, పత్తి జిన్నింగు మిల్లుల్లో, ఆడిటర్ల కార్యాలయాల్లో గుమాస్తా ముందు ఒక తెరలో ట్యాలీ లెక్కల సాఫ్ట్‌వేర్, మరో తెరలో ప్రభుత్వ పోర్టలు, పక్కన ప్రింటరు, డిజిటల్ సంతకపు టోకెన్ ఉండక తప్పని స్థితి వచ్చింది. రెండవది ఉద్యోగం. 2020 మార్చి లాక్‌డౌన్‌తో హైదరాబాదు, బెంగళూరు, చెన్నైల నుంచి నరసరావుపేటకో, చిలకలూరిపేటకో, అద్దంకికో, దర్శికో తిరిగి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఇంటి గదినే కార్యాలయం చేసుకున్నారు. తరువాత కంపెనీలు పిలిచినా వారంలో కొన్ని రోజులు ఊరి నుంచే పనిచేసే పద్ధతి చాలామందికి మిగిలింది. అంతకు ముందే, 2017 డిసెంబరు 27న ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్, కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఊళ్లకు ఆప్టికల్ తీగను తీసుకొచ్చి ఉండటం దీనికి తోడ్పడింది.

డాక్ అనే భావన కొత్తదేమీ కాదు. 1992లో యాపిల్ విడుదల చేసిన పవర్‌బుక్ డ్యుయో అనే చిన్న ల్యాప్‌టాప్‌ను డ్యుయో డాక్ అనే పెట్టెలోకి పూర్తిగా తోసేస్తే అది బల్ల మీది కంప్యూటరుగా మారేది. ఆ తరువాత ఇరవై ఏళ్లకు పైగా ప్రతి కంపెనీ తన నమూనాకే సరిపోయే డాక్‌ను తయారుచేయడంతో, ల్యాప్‌టాప్ మారితే డాక్‌నూ పారేయవలసి వచ్చేది. 2014 ఆగస్టులో యూఎస్‌బీ-సీ అనే రెండు వైపులా పట్టే చిన్న కనెక్టరు ప్రమాణం ఖరారు కావడం, ఆ మరుసటి నెలలోనే దాని గుండా తెర సంకేతాన్ని పంపే పద్ధతిని వెసా అనే ప్రమాణాల సంస్థ ప్రకటించడంతో ఈ బంధం తెగింది. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లకూ, 2026 ఏప్రిల్ 28 నుంచి ల్యాప్‌టాప్‌లకూ ఈ కనెక్టరును తప్పనిసరి చేయడంతో వేరే ఆకారపు రంధ్రాల కాలం ముగిసినట్లే.

ఆకారం ఒకటైనంత మాత్రాన సామర్థ్యం ఒకటి కాలేదు, చిక్కంతా ఇక్కడే ఉంది. యూఎస్‌బీ-సీ రంధ్రం ఒకటే అయినా కొన్ని ల్యాప్‌టాప్‌లలో అది కేవలం డేటాను మోస్తుంది, కొన్నింటిలో డేటాతో పాటు తెర సంకేతాన్నీ, మరికొన్నింటిలో చార్జింగును కూడా మోస్తుంది. ముప్పై, నలభై వేల రూపాయల ధరలో దొరికే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి యూఎస్‌బీ-సీ రంధ్రం ఉంటుంది గానీ తెర సంకేతం రాదు. అటువంటి యంత్రానికి ఎంత ఖరీదైన సాధారణ డాక్ తగిలించినా బయటి తెర నల్లగానే ఉంటుంది, కొన్నవారు డాక్ చెడిపోయిందనుకుని తిరిగి పంపుతారు. రంధ్రం పక్కన ఇంగ్లీషు డీ అక్షరాన్ని పోలిన డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గానీ, బాణపు మొనతో ఉన్న మెరుపు గుర్తు గానీ ఉంటే తెర సంకేతం వస్తుందని అర్థం. ఏ గుర్తూ లేకపోతే తయారీదారు ఇచ్చిన వివరాల పత్రం చూడటం తప్ప మార్గం లేదు. మెరుపు గుర్తు థండర్‌బోల్ట్‌ది. ఇంటెల్ రూపొందించిన ఈ పద్ధతి 2015లో వచ్చిన మూడవ తరంతో యూఎస్‌బీ-సీ ఆకారంలోకి మారి సెకనుకు 40 గిగాబిట్ల వేగం అందుకుంది. 2020లో వచ్చిన నాలుగవ తరం వేగాన్ని పెంచకుండా, రెండు 4కే తెరలు నడపగలగడం వంటి కనీస హామీలను తయారీదారులకు తప్పనిసరి చేసింది. కొనుగోలుదారుకు పనికొచ్చేది వేగపు సంఖ్య కంటే ఈ హామీయే.

తెరల లెక్క కొంత అంకగణితం కోరుతుంది. తెర సంకేతం నాలుగు దారుల మీద నడుస్తుంది. డాక్ ఒకే సమయంలో వేగవంతమైన డేటాను కూడా ఇవ్వాలంటే అందులో రెండు దారులను డేటాకు వదలాలి. హెచ్‌బీఆర్2 అనే పాత వేగంలో ఆ మిగిలిన రెండు దారుల మీద సెకనుకు సుమారు 8.6 గిగాబిట్ల చిత్రసమాచారమే పడుతుంది, 4కే తెరను సెకనుకు 60 సార్లు చొప్పున నింపడానికి 12 గిగాబిట్లకు పైగా కావాలి. అందుకే చవకరకం హబ్‌ల పెట్టెల మీద 4కే అని పెద్ద అక్షరాలతోనూ, 30 హెర్ట్జ్ అని చిన్న అక్షరాలతోనూ ఉంటుంది. 30 హెర్ట్జ్‌లో మౌసు బాణం తడబడుతూ కదులుతున్నట్లు కంటికి తెలుస్తుంది, గంటల తరబడి అంకెలు సరిచూసే వారికి అది అలసట. అయితే ఈ ప్రాంతపు కార్యాలయాల్లో ఎక్కువగా ఉన్నవి 1080 గీతల మామూలు తెరలు, ఒక్కొక్కదానికి సుమారు 3.2 గిగాబిట్లు చాలు, అటువంటివి రెండు పాత వేగంలోనూ హాయిగా నడుస్తాయి. 4కే మోజుతో డాక్‌కు రెట్టింపు ధర పెట్టే ముందు బల్ల మీద ఉన్న తెర ఏదో చూసుకోవడం మేలు.

యాపిల్ యంత్రాలు వాడేవారికి వేరే నియమం వర్తిస్తుంది. ఒకే సంకేతాన్ని చీల్చి రెండు తెరలకు వేర్వేరు చిత్రాలు పంపే ఎంఎస్‌టీ పద్ధతిని మ్యాక్ వ్యవస్థ అంగీకరించదు, ఆ తరహా డాక్‌లో రెండు తెరల మీదా ఒకే బొమ్మ కనిపిస్తుంది. పైగా 2020లో వచ్చిన ఎం1, తరువాతి ఎం2 మాక్‌బుక్ ఎయిర్‌లు బయట ఒక తెరనే నడపగలవు. ఎం3 ఎయిర్‌లో మూత మూస్తేనే రెండు తెరలు వస్తాయి, మూత తెరిచి ఉంచి రెండు తెరలు వాడే వీలు 2025లో ఎం4 ఎయిర్‌తో గానీ రాలేదు.

ఈ పరిమితులన్నిటినీ దాటే పద్ధతి డిస్‌ప్లేలింక్. ఇందులో తెర చిత్రాన్ని ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ కుదించి మామూలు యూఎస్‌బీ డేటాగా పంపితే డాక్‌లోని చిప్ దాన్ని విప్పి తెర మీద చూపుతుంది. తెర సంకేతం లేని యూఎస్‌బీ-సీ రంధ్రంతోనూ, పాత వెడల్పాటి యూఎస్‌బీ రంధ్రంతోనూ ఇది పనిచేస్తుంది. దీని మీద సాంకేతిక సమీక్షకులకు చిన్నచూపు ఎక్కువ: ప్రాసెసరు మీద భారం పడుతుంది, వేగంగా కదిలే దృశ్యాలు తడబడతాయి, కాపీ రక్షణ ఉన్న సినిమాలు కొన్ని యంత్రాల్లో కనిపించవు, కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో డ్రైవరు వేయడానికి అనుమతి దొరకకపోవచ్చు. ఇవన్నీ నిజమే గానీ, ట్యాలీ, ఎక్సెల్, ఈ-వే బిల్లు పోర్టలు తప్ప మరొకటి తెరవని కమీషన్ కొట్టు బల్లకు ఈ లోపాల్లో ఏదీ అడ్డురాదు. సంఖ్యల పట్టికలు కదలవు, సినిమాతో గుమాస్తాకు పని లేదు. చవక ల్యాప్‌టాప్‌ను మార్చకుండా రెండవ తెర కావాలంటే ఇదే తగిన దారి.

చార్జింగు విషయంలో పెట్టె మీది సంఖ్య ఒకటి, ల్యాప్‌టాప్‌కు చేరేది మరొకటి. యూఎస్‌బీ ద్వారా శక్తి పంపే పవర్ డెలివరీ పద్ధతి చాలాకాలం 100 వాట్లకు పరిమితమై ఉండి, 2021లో 240 వాట్లకు పెరిగింది. చార్జరును తన గుండా పంపే 100 వాట్ల హబ్ తన అవసరాలకు పది, పదిహేను వాట్లు ఉంచుకుని మిగతాదే ముందుకు పంపుతుంది. 65 వాట్ల చార్జరుతో వచ్చిన ల్యాప్‌టాప్‌కు ఇది చాలు. లావుపాటి గేమింగ్ ల్యాప్‌టాప్‌కు దాని సొంత చార్జరు వేరుగా పెట్టుకోక తప్పదు. తీగ సంగతి కూడా చూడాలి. 60 వాట్లు దాటిన శక్తిని మోయాలంటే తీగ తలలో దాని సామర్థ్యాన్ని చెప్పే చిన్న చిప్ ఉండాలి, అది లేని ఫోను తీగను డాక్‌కు వాడితే ల్యాప్‌టాప్ చార్జింగు మందగించడమే కాక తెర కూడా రాకపోవచ్చు.

ఇక కరెంటు. సొంత అడాప్టరుతో నడిచే డాక్‌కు కరెంటు ఆగగానే ల్యాప్‌టాప్ తన బ్యాటరీతో బతికే ఉంటుంది గానీ బయటి తెరలు ఆరిపోతాయి, ఇంటర్నెట్ తీగ తెగినట్లవుతుంది, డాక్‌కు తగిలించిన బయటి డిస్కులోకి ఆ క్షణంలో రాస్తున్న ఫైలు పాడవుతుంది. ఇంట్లో ఇన్వర్టరు ఉంది కదా అన్నది పూర్తి సమాధానం కాదు. చాలా ఇన్వర్టర్లలో రెండు వాడుక పద్ధతుల మీట ఉంటుంది. యూపీఎస్ పద్ధతిలో అది సుమారు సెకనులో వందో వంతు కాలంలో బ్యాటరీకి మారుతుంది, డాక్ అడాప్టరు ఆ విరామాన్ని ఓర్చుకుంటుంది; సాధారణ పద్ధతిలో మార్పు అంతకు కొన్ని రెట్లు ఆలస్యమై, ఫ్యానుకూ బల్బుకూ తెలియని ఆ విరామంలో డాక్ ఒకసారి చచ్చి బతుకుతుంది. అప్పుడు యూఎస్‌బీ పరికరాలన్నీ ఊడి మళ్లీ తగులుకుంటాయి, తెరల మీది కిటికీలన్నీ ల్యాప్‌టాప్ తెర మీదికి వచ్చి పడతాయి, వీడియో సమావేశంలో మాట సగంలో తెగిపోతుంది.

అందువల్ల మీటను యూపీఎస్ వైపు తిప్పడమే పరిష్కారమని అనిపిస్తుంది గానీ, వేసవిలో అదీ ఇబ్బందే. యూపీఎస్ పద్ధతి సుమారు 180 వోల్టుల కంటే తక్కువను అంగీకరించదు. మోటార్లన్నీ నడిచే వేళల్లో వోల్టేజి దానికి దిగువకు జారే ఊళ్లలో కరెంటు ఉన్నా ఇన్వర్టరు బ్యాటరీ మీదే నడిచి, నిజంగా కరెంటు పోయిన సమయానికి ఖాళీ అయి కూర్చుంటుంది. ఇటువంటి చోట ఇన్వర్టరును సాధారణ పద్ధతిలోనే ఉంచి, డాక్‌కు, తెరకు, రూటరుకు మాత్రం 600 వీఏ యూపీఎస్ ఒకటి విడిగా పెట్టడం ఖర్చుకు తగిన ఏర్పాటు. ఇన్వర్టరు సైన్‌వేవ్ రకం అయి ఉండటం అవసరం, చదరపు తరంగపు ఇన్వర్టరు వెనుక ఈ చిన్న యూపీఎస్‌లు కొన్ని ఆ సరఫరాను కరెంటుగానే గుర్తించవు. లెక్క వేస్తే ఒక తెర, డాక్, ల్యాప్‌టాప్, రూటరు కలిసి 130 నుంచి 150 వాట్లు తీసుకుంటాయి. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు దీన్నొక్కదాన్నే అయితే ఆరేడు గంటలు మోస్తుంది, ఇంటిల్లిపాది ఫ్యాన్లు కూడా అదే మోయాలంటే అందులో సగం.

మరో మార్గం శక్తిని ల్యాప్‌టాప్ నుంచే తీసుకునే హబ్. కరెంటు పోయినా దానికి తెలియదు, ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపూ డిస్కు, టోకెను, కీబోర్డు నడుస్తాయి. అయితే చార్జరును హబ్ గుండా పంపే ఏర్పాటులో ఒక లోపం దాగి ఉంది: చార్జరు ఆగిన క్షణంలో శక్తి దిశ తిరగబడి, అప్పటిదాకా ఇస్తున్న హబ్ ఇకపై పుచ్చుకునేది కావాలి, ఈ మార్పులో చాలా హబ్‌లు ఒకసారి ఊడి తగులుకుంటాయి. దీన్ని నివారించడానికే పవర్ డెలివరీ మూడవ ప్రమాణంలో ఫాస్ట్ రోల్ స్వాప్ అనే పద్ధతి పెట్టారు గానీ, హబ్, ల్యాప్‌టాప్ రెండూ దాన్ని అంగీకరించాలి, పెట్టెల మీద ఆ మాట వేసేవారు అరుదు. ల్యాప్‌టాప్‌కు వేరే చార్జింగు రంధ్రం ఉంటే చార్జరును నేరుగా అక్కడ పెట్టి హబ్‌ను విడిగా ఉంచడం ఈ బెడదను మొత్తంగా తొలగిస్తుంది. ఒకే తీగ అన్న అందం పోతుంది, పని ఆగదు.

వేడి, దుమ్ము, ఎర్త్ గురించి కొద్దిగా. చాలా డాక్‌లు 35 నుంచి 40 డిగ్రీల గది వేడికే రూపొందుతాయి. పల్నాడులోని రెంటచింతల వంటి చోట మేలో బయటి వేడి 45 దాటుతుంది, రేకుల కప్పు కింది కార్యాలయం దానికి దూరంగా ఉండదు. వేడెక్కిన డాక్‌లో ఇంటర్నెట్ తరచూ తెగడం ఒక లక్షణం. ఫ్యాను లేని అల్యూమినియం డాక్‌ను గాలి తగిలేలా నిలువుగా పెట్టడం, ల్యాప్‌టాప్ కింద దూర్చకపోవడం చాలావరకు సరిపోతుంది. యార్డులోనూ జిన్నింగు మిల్లులోనూ మాత్రం ఫ్యాను ఉన్న డాక్‌ను అసలు తీసుకోరాదు, మిర్చి ఘాటుతో కూడిన దుమ్మునూ దూది పీచునూ అది లోపలికి పీల్చుకుని మూసుకుపోతుంది. లోహపు డాక్‌ను తాకితే వేళ్లు జివ్వుమనడం ఎర్త్ లేదని చెప్పే గుర్తు. మూడు పిన్నుల అడాప్టరు ఉంటే సరిపోదు, ఎండకు బీటలువారిన నల్లరేగడిలో ఎర్త్ గుంట కూడా ఎండిపోతుంది గనుక వేసవిలో దానికి నీళ్లు పోస్తూ ఉండాలి.

పాత పరికరాల సమస్య ఈ ప్రాంతానికి ప్రత్యేకం అనదగినది. కమీషన్ కొట్టు రైతుకు ఇచ్చే లెక్కల చీటీ అయిన తక్‌పట్టీకి కార్బన్ నకళ్లు కావాలి గనుక డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు ఇంకా బల్ల మీదే ఉంది. వేబ్రిడ్జి కాటా నుంచి తూకం తొమ్మిది పిన్నుల సీరియల్ తీగ మీద వస్తుంది. ఆ తీగను యూఎస్‌బీకి మార్చే చిన్న కన్వర్టరును డాక్‌కు తగిలించినప్పుడు విండోస్ దానికి ఒక కామ్ పోర్టు సంఖ్యను ఇస్తుంది, తూకపు సాఫ్ట్‌వేర్ ఆ సంఖ్యనే గుర్తుపెట్టుకుని చదువుతుంది. చవక కన్వర్టర్లలోని చిప్‌లకు తమకంటూ క్రమసంఖ్య ఉండదు కాబట్టి, ఊడ్చేటప్పుడు తీసిన తీగను పక్క రంధ్రంలో పెడితే విండోస్ దాన్ని కొత్త పరికరమనుకుని కామ్ 3కి బదులు కామ్ 5 ఇస్తుంది. లారీ కాటా మీద నిలబడి ఉంటుంది, తెర మీద తూకం సున్నా దగ్గరే ఉంటుంది. దీనికి డాక్ మార్చనక్కర్లేదు. క్రమసంఖ్య ఉన్న ఎఫ్‌టీడీఐ చిప్ కన్వర్టరు కొనడమో, ఆ రంధ్రానికి మార్కరుతో గుర్తు పెట్టడమో చాలు. వైర్‌లెస్ మౌసు డాక్ పక్కన తడబడటం కూడా తరచూ కనిపించేదే. యూఎస్‌బీ 3 రంధ్రాల నుంచి వెలువడే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. మౌసు రిసీవరును కాస్త పొడుగు తీగతో దూరం జరిపితే సరిపోతుంది.

కంపెనీ ల్యాప్‌టాప్, సొంత ల్యాప్‌టాప్ రెండూ ఒకే బల్ల మీద ఉన్నవారికి డాక్ ఒక్కటే చాలదనిపించి కేవీఎం మీట, అంటే ఒకే తెర, కీబోర్డు, మౌసులను రెండు యంత్రాల మధ్య మార్చే పరికరం, కొనే ఆలోచన వస్తుంది. రోజుకు రెండు మూడు సార్లే మారేవారికి తీగ ఊడదీసి మరోదానికి పెట్టడం కంటే అది మెరుగేమీ కాదు. ఒకే తెరతో సరిపెట్టుకునే ఇంటికైతే డాక్ మాటే వదిలి, యూఎస్‌బీ-సీ రంధ్రంతో 65 నుంచి 90 వాట్లు ఇస్తూ తనలోనే హబ్ ఉన్న మానిటరును తీసుకోవడం మంచిది. అటువంటివాటిలో కొన్నింటికి కేవీఎం కూడా లోపలే ఉంటుంది, ఒక అడాప్టరు, ఒక తీగ, వేడెక్కే ఒక పెట్టె తగ్గుతాయి.

ధరలు కొన్ని వందల రూపాయల హబ్ నుంచి ముప్పై వేలు దాటే థండర్‌బోల్ట్ డాక్ దాకా ఉంటాయి. నడుమ, కంపెనీలు వాడి వదిలేసిన డెల్, హెచ్‌పీ, లెనోవో డాక్‌లు సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల కొత్తదాని ధరలో చిన్న భాగానికే దొరుకుతాయి, రెండు మామూలు తెరల బల్లకు వీటిని మించిన బేరం లేదు. చూడవలసినవి మూడే. ఒకటి, డాక్‌కు శాశ్వతంగా అతికి ఉన్న తీగ మెడ దగ్గర నలిగిందా అన్నది, కొన్ని నమూనాల్లో ఆ తీగ పోతే డాక్ పోయినట్లే. రెండు, అసలు అడాప్టరు వెంట వస్తుందా, దాని మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ నమోదు సంఖ్య ఉందా అన్నది. మూడు, వేరే కంపెనీ ల్యాప్‌టాప్‌కు ఎంత శక్తి ఇస్తుందన్నది. డెల్ డబ్ల్యూడీ19, తగిన అడాప్టరు ఉంటే, సొంత ల్యాప్‌టాప్‌లకు 130 వాట్ల వరకు ఇచ్చి ఇతరులకు 90 దగ్గరే ఆగుతుంది. దుకాణానికి సొంత ల్యాప్‌టాప్‌నూ, వీలైతే టోకెనునూ కన్వర్టరునూ వెంట తీసుకెళ్లి, అన్నీ తగిలించి ఒక ఫైలు కాపీ అవుతుండగా గోడ స్విచ్చి ఒకసారి ఆపి వేసి చూడాలి. ఆ పరీక్షకు ఒప్పుకోని దుకాణంలో కొనకపోవడమే మంచిది.